డాలు మీద సింహం ఎవరిది? ఇంగ్లండ్‌లో నైట్ల సమాధుల వెంట

గురువారం, లండన్

టెంపుల్ ట్యూబ్ స్టేషన్‌లో దిగి ఫ్లీట్ స్ట్రీట్ వైపు నడిస్తే ముందంతా బస్సుల గోల. ఒక చిన్న గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే అన్నీ లాయర్ల ఆఫీసులు, రాళ్ళు పరిచిన సందులు, చేతినిండా ఫైళ్ళతో పరుగెత్తే జూనియర్లు. గాంధీగారు 1891లో బారిస్టర్ అయింది ఇక్కడి ఇన్నర్ టెంపుల్ నుంచే. ఆ సందుల నడుమ గుండ్రంగా ఒక చర్చి ఉంది. టెంప్లార్ నైట్లు, అంటే సన్యాస వ్రతం పట్టిన గుర్రపు యోధులు, కట్టించుకున్నది, జెరూసలేంలో క్రీస్తు సమాధి ఉన్న చర్చి ఆకారాన్ని మనసులో పెట్టుకుని. 1185లో జెరూసలేం పేట్రియార్క్, అంటే అక్కడి పెద్ద మతాధికారి, హెరాక్లియస్ స్వయంగా వచ్చి ప్రతిష్ఠ చేశాడు.

నైట్ల సమాధులు, వాళ్ళ డాళ్ళ మీద గుర్తులు చూడాలని ఎప్పట్నుంచో ఉంది. ఈసారి సెలవు దొరికింది, తోడుగా మా తమ్ముడు వచ్చాడు. వాడు రీడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. చరిత్ర మీద పెద్ద ఆసక్తి లేదు గానీ ప్రశ్నలు మాత్రం సూటిగా అడుగుతాడు, అది నాకు బాగా పనికొచ్చింది.

గుండ్రటి హాలులో నేల మీద రాతి మనుషులు పడుకుని ఉన్నారు. కవచం, కత్తి, డాలు అన్నీ రాయే. 1941 మే 10 రాత్రి జర్మన్ బాంబులకు చర్చి అంటుకుని పైకప్పు కూలి వీళ్ళ మీద పడింది, అందుకే ముఖాలు పగిలి, కాళ్ళు విరిగి ఉన్నాయి. అంతకు చాలాముందే తీసిన ప్లాస్టర్ అచ్చులు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి, అసలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే అవి చూడాలి. కొన్ని బొమ్మలకు కాలు మీద కాలు వేసి ఉంటుంది. అలా ఉంటే క్రూసేడ్‌కు, అంటే జెరూసలేం కోసం జరిగిన మతయుద్ధానికి, వెళ్ళొచ్చినవాడని అర్థమని చాలామంది గట్టిగా చెప్తారు, చరిత్రకారులు మాత్రం ఒప్పుకోరు, అది శిల్పుల పద్ధతి మాత్రమే అంటారు.

నేను వచ్చింది విలియం మార్షల్ కోసం. 1219లో పోయాడు, ఐదుగురు రాజుల దగ్గర పనిచేశాడు, చివరి రోజుల్లో టెంప్లార్‌గా చేరాడు కాబట్టి ఇక్కడ ఖననం చేశారు. ఇతని కథ మొదలే భయంకరంగా ఉంటుంది. 1152లో న్యూబరీ కోట ముట్టడిలో ఐదారేళ్ళ ఈ పిల్లాణ్ణి తండ్రి స్టీఫెన్ రాజు దగ్గర బందీగా పెట్టి, తర్వాత మాట తప్పాడు. పిల్లాణ్ణి ఉరి తీస్తామని కబురు పంపితే, పోతే పోనీ, ఇంతకంటే మంచి కొడుకుల్ని చేసుకునే సుత్తీ దాగలీ నా దగ్గరున్నాయి అని ఆ తండ్రి జవాబిచ్చాడట. చంపడానికి స్టీఫెన్‌కు మనసొప్పలేదు, పిల్లాడు బతికాడు. పెద్దయ్యాక అదే కుర్రాడు టోర్నమెంట్లలో పేరు తెచ్చుకున్నాడు. అప్పటి టోర్నమెంటు అంటే ఇద్దరు ఎదురెదురుగా గుర్రాల మీద దూసుకురావడం కాదు, రెండు జట్లు మైళ్ళ కొద్దీ పొలాల్లో, ఊళ్ళ మధ్య నిజం యుద్ధంలాగే కొట్టుకోవడం. ఎదుటి నైట్‌ను పట్టుకుంటే వాడి గుర్రం, కవచం నీవి, విడుదల సొమ్ము అదనం. మార్షల్ ఒక స్నేహితుడితో భాగస్వామ్యం పెట్టుకుని పది నెలల్లో 103 మందిని పట్టాడని గుమాస్తా రాసిన లెక్క ఉంది. ఇంకోసారి బహుమతి ఇద్దామని మనుషులు వెతుక్కుంటూ వెళ్తే కమ్మరి కొట్టంలో దొరికాడు, తల దాగలి మీద పెట్టి ఉంది, దెబ్బలకు నొక్కుకుపోయిన ఇనప హెల్మెట్‌ను కమ్మరి సుత్తితో, పటకారుతో ఊడదీస్తున్నాడు. తండ్రి అన్న సుత్తీ దాగలీ మాట గుర్తుంటే ఈ దృశ్యం ఇంకోలా కనిపిస్తుంది.

ఆ నొక్కుకుపోయిన హెల్మెట్ దగ్గరే డాలు మీద గుర్తుల కథంతా ఉంది. 1066లో హేస్టింగ్స్ యుద్ధంలో నార్మండీ డ్యూక్ విలియం చనిపోయాడని పుకారు పుడితే అతను హెల్మెట్ పైకెత్తి సైన్యానికి ముఖం చూపించాల్సి వచ్చింది. అప్పటికి ముక్కుకు అడ్డంగా ఒక పట్టీ మాత్రమే ఉండేది. తర్వాతి నూరేళ్ళలో హెల్మెట్ ముఖాన్ని పూర్తిగా మూసేసింది. ఇనుములో ఉన్నది తమవాడో పరాయివాడో తెలియాలంటే డాలు మీద, పైన వేసుకున్న అంగీ మీద, గుర్రం గుడ్డ మీద రంగు ఉండాలి. మార్షల్‌ది సగం బంగారు రంగు, సగం ఆకుపచ్చ, దాని మీద వెనక కాళ్ళ మీద లేచిన ఎర్ర సింహం. రాతిబొమ్మ మీద ఇప్పుడు ఒక్క రంగూ లేదు, చూసేవాళ్ళే ఊహించుకోవాలి.

మధ్యాహ్నం తూర్పు వైపు నడిచి క్వీన్ విక్టోరియా స్ట్రీట్‌లో కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌కు వెళ్ళాం. పేరు కాలేజీయే గానీ పాఠాలు చెప్పరు, ఎవరికి ఏ గుర్తు ఉండాలో నమోదు చేసే ఆఫీసు, 1484లో మూడో రిచర్డ్ పెట్టించాడు. ఇప్పటికీ 13 మంది అధికారులుంటారు, వాళ్ళ పదవుల పేర్లు వింటే కథల్లోంచి వచ్చినట్టుంటాయి, రూజ్ డ్రాగన్, బ్లూమాంటిల్, పోర్ట్‌కల్లిస్ అని. ఈ ఆఫీసు పెద్ద ఎర్ల్ మార్షల్ కూర్చునే సింహాసనం ఉన్న హాలు చూసి, హెరాల్డ్రీ, అంటే డాళ్ళ గుర్తుల శాస్త్రం, దాని మొదటి నియమం మా తమ్ముడికి చెప్పాను. బంగారం, వెండి రెండూ లోహాలు, అంటే పసుపు, తెలుపు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. రంగు మీద రంగు వెయ్యకూడదు, లోహం మీద లోహం వెయ్యకూడదు. నీలం మీద ఎరుపు వేస్తే వంద గజాల దూరం నుంచి ఏమీ తెలియదు, నీలం మీద పసుపు వేస్తే దుమ్ములో కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

"అంటే ఎలక్షన్ గుర్తులాంటిదే కదన్నా, చదువు రాకపోయినా చూడగానే తెలియాలి" అన్నాడు.

సరిగ్గా అంతే. కాకపోతే ఈ గుర్తు తండ్రి నుంచి కొడుక్కి ఆస్తితోపాటు వస్తుంది, అందుకే దానికోసం కోర్టులకెక్కారు. కాలేజీకి దగ్గర్లోనే ఫ్రైడే స్ట్రీట్ ఉంది, ఇప్పుడు చూడ్డానికి ఏమీ లేని చిన్న వీధి. ఒకరోజు ఈ వీధిలో నడుస్తున్న కవి చాసర్‌కు ఒక ఇంటి ముందు నీలం మీద బంగారు ఏటవాలు పట్టీ ఉన్న బోర్డు కనిపించింది. ఇది స్క్రోప్ వాళ్ళ గుర్తు కదా, ఇక్కడెందుకుంది అని అడిగితే, కాదండీ ఇది గ్రోవ్‌నర్ వాళ్ళది అన్నారట. 1386లో ఇలాంటి గుర్తుల తగాదాలు తీర్చే షివల్రీ కోర్టులో చాసర్ ఈ సంగతి సాక్ష్యంగా చెప్పాడు, 1359 ఫ్రాన్స్ దండయాత్రలో స్క్రోప్ వాళ్ళు అదే గుర్తు పెట్టుకోవడం కళ్ళారా చూశానని కూడా. ఆ దండయాత్రలోనే చాసర్ శత్రువులకు చిక్కితే విడుదల సొమ్ములో 16 పౌండ్లు రాజుగారు ఇచ్చాడు. 1385లో మొదలైన కేసు 1390లో తేలింది, స్క్రోప్ గెలిచాడు. గ్రోవ్‌నర్ ఆ పట్టీ వదులుకుని దాని బదులు బంగారు గోధుమ పన పెట్టుకున్నాడు, నేటి వెస్ట్‌మినిస్టర్ డ్యూకుల వంశం అదే. ఆ షివల్రీ కోర్టు చివరిసారి కూర్చుంది 1954లో.

మన వైపు కూడా ఈ గాలి ఒకసారి వీచింది. 1877 ఢిల్లీ దర్బారులో సంస్థానాధీశులకు యూరప్ పద్ధతిలో గుర్తులు గీసిన పట్టు జెండాలు పంచారు. ఆ గుర్తులు తయారుచేసింది రాబర్ట్ టేలర్ అనే బెంగాల్ సివిల్ సర్వీస్ ఉద్యోగి. అప్పటికి పదేళ్ళ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను సాలార్ జంగ్ ఆ దర్బారుకు తీసుకెళ్ళాడు.

శుక్రవారం, కాంటర్‌బరీ

సెయింట్ పాంక్రాస్ నుంచి హైస్పీడ్ రైలు గంటలో దింపేసింది. కాంటర్‌బరీ కెథడ్రల్‌కు జనం వచ్చేది ఎక్కువగా 1170లో ఇక్కడే నరికి చంపిన ఆర్చిబిషప్ బెకెట్ కోసం. నేను మాత్రం నేరుగా ట్రినిటీ చాపెల్ మెట్లెక్కి బ్లాక్ ప్రిన్స్ దగ్గరికి వెళ్ళాను.

అసలు పేరు ఎడ్వర్డ్ ఆఫ్ వుడ్‌స్టాక్, మూడో ఎడ్వర్డ్ రాజు పెద్ద కొడుకు. బ్లాక్ ప్రిన్స్ అన్న పేరు అతను పోయాక ఎప్పుడో 16వ శతాబ్దంలో వచ్చింది. 1376 జూన్ 8న చనిపోయాడు, 46 నిండటానికి ఇంకో వారం ఉండగా. ముందురోజు పడక మీద నుంచే వీలునామా చెప్పి రాయించాడు. సమాధి ఎలా ఉండాలి, మీద బొమ్మ ఎలా ఉండాలి, చుట్టూ ఏ డాళ్ళు చెక్కాలి, ఆఖరికి శవయాత్రలో ముందు నడిచే రెండు గుర్రాల మీద ఏ గుడ్డలు కప్పాలి అన్నీ అందులో ఉన్నాయి. ఒక గుర్రం మీద యుద్ధం గుర్తులు, ఇంకోదాని మీద శాంతి గుర్తులు. నేను ఎన్నో సమాధుల ఫోటోలు చూశాను గానీ, చనిపోయినవాడే ఇంత వివరంగా చెప్పి చేయించుకున్నది ఇంకోటి నాకు తెలియదు.

బొమ్మ రాయి కాదు, బంగారు పూత పూసిన రాగి మిశ్రమం. ఇనప కంచె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. చేతులు రెండూ ప్రార్థనలో కలిసి ఉన్నాయి, గ్లౌజుల వేళ్ళ కీళ్ళు విడివిడిగా కనిపిస్తాయి, మెడ చుట్టూ ఇనప గొలుసుల వల ఒక్కో రింగు లెక్కపెట్టొచ్చు, మడమలకు ముళ్ళ చక్రాలు. కవచం తొడుక్కోవడం, విప్పడం బాగా తెలిసినవాడు పక్కన నిలబడి చెప్పకపోతే ఇలా రాదు. తల కింద దిండు లేదు, అతని యుద్ధ హెల్మెట్టే ఉంది, దాని మీద శిఖగా సింహం బొమ్మ.

సమాధి పక్కల రెండు రకాల డాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. యుద్ధం డాలు నాలుగు గడులు: రెండు ఎర్రటివి, వాటిలో మూడేసి బంగారు సింహాలు, అది ఇంగ్లండ్; రెండు నీలివి, వాటి నిండా చల్లినట్టు బంగారు లిల్లీ పూలు, అది ఫ్రాన్స్. తల్లి ఇజబెల్లా ఫ్రెంచి రాజకుమారి కాబట్టి ఆ సింహాసనం నాదే అని మూడో ఎడ్వర్డ్ 1340లో లిల్లీ పూలను తన డాలు మీదికి ఎక్కించాడు. నూరేళ్ళ యుద్ధానికి కారణమైన దావా అంతా ఆ రెండు నీలి గడుల్లో ఉంది. వీటన్నిటికీ పైన అడ్డంగా ఒక తెల్ల పట్టీ, దానికి మూడు కాళ్ళు. అది పెద్ద కొడుకు గుర్తు, తండ్రి బతికున్నంత కాలం ఉంటుంది, తండ్రి పోయి తను రాజయ్యాక తీసేస్తారు. ఇతను తండ్రికంటే ఏడాది ముందే పోయాడు. ఆ తెల్ల పట్టీ అలాగే ఉండిపోయింది. ఇంతకంటే బాధగా ఏ శాసనం చెప్తుంది?

శాంతి డాలు నల్లది, మీద మూడు తెల్లటి ఆస్ట్రిచ్ ఈకలు. టోర్నమెంట్లకు ఇది. ఈకల గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది, 1346లో క్రెసీ యుద్ధంలో కళ్ళు కనిపించని బొహీమియా రాజు జాన్ తన గుర్రాన్ని తోటి నైట్ల గుర్రాలకు కట్టించుకుని పోరులోకి దూకి చనిపోయాడని, పదహారేళ్ళ రాకుమారుడు ఆ ధైర్యానికి మెచ్చి అతని ఈకలు తీసుకున్నాడని. రాజు అలా పోయిన మాట నిజమే. ఈకల సంగతి మాత్రం చాలా కాలం తర్వాత పుట్టిన మాట, తల్లి ఫిలిప్పా పుట్టింటి వైపు నుంచి వచ్చి ఉంటాయని చరిత్రకారుల అభిప్రాయం. నేటికీ వేల్స్ రాకుమారుడి గుర్తు ఈ ఈకలే.

సమాధి పైన వేలాడే హెల్మెట్, డాలు, అంగీ, గ్లౌజులు 1954లో చేసిన నకళ్ళు, రంగులు ధగధగలాడతాయి. అసలైనవి అద్దాల పెట్టెలో ఉన్నాయి. ఆ అంగీ ముందు చాలాసేపు నిలబడ్డాను. వెల్వెట్ గుడ్డ, లోపల దూది కూరి నిలువు గీతలుగా కుట్టారు. ఎరుపూ నీలమూ వెలిసి దాదాపు ఒకే మట్టిరంగులోకి వచ్చేశాయి, అయినా వంగి చూస్తే బంగారు జరీతో కుట్టిన సింహాల ఆకారం తెలుస్తుంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్ రెండూ గుండెల మీద. 650 ఏళ్ళ నాటి గుడ్డ అది.

ఇక ఇతని షివల్రీ, అంటే నైట్ల మర్యాద ధర్మం, సంగతి. 1356లో పొయతియే యుద్ధంలో ఫ్రెంచి రాజు రెండో జాన్‌ను పట్టుకున్నాడు. ఆ రాత్రి విందులో బందీ రాజు పక్కన కూర్చోకుండా నిలబడి తనే వడ్డించాడని ఆ కాలపు చరిత్రకారుడు ఫ్రువాసార్ రాశాడు. విడుదల సొమ్ము 30 లక్షల బంగారు నాణేలు. కొంత కట్టి, కొడుకుల్ని పూచీగా పెట్టి జాన్ ఫ్రాన్స్ వెళ్ళాడు. ఒక కొడుకు పారిపోయి వచ్చేస్తే, మాట పోయిందని జాన్ తనంతట తానే లండన్ తిరిగొచ్చి 1364లో బందీగానే చనిపోయాడు. ఇది కల్పన కాదు, మాటంటే వాళ్ళకు అంత పట్టింపు. నాకు ఇందులో గౌరవించదగ్గది చాలా కనిపిస్తుంది.

కానీ అదే రాకుమారుడు పొయతియేకు ముందు ఏడాది, 1355లో, బోర్డో నుంచి నార్బోన్ దాకా దండు నడిపి దారిలో వందల ఊళ్ళు తగలబెట్టించాడు. పొరపాటున అంటుకున్నవి కావు, శత్రు రాజుకు పన్నులు అందకుండా చెయ్యడానికి పథకం ప్రకారం పెట్టిన మంటలు. 1370లో లిమోజ్ పట్టణం తిరగబడితే, జబ్బుతో గుర్రమెక్కలేక పల్లకీలో వెళ్ళి మరీ దాన్ని పట్టుకున్నాడు. ఆడా మగా పిల్లలు 3,000 మందిని నరికించాడని ఫ్రువాసార్ రాశాడు, ఇప్పటి పరిశోధకులు దాదాపు 300 అంటున్నారు. ఆ పట్టణాన్ని కాపాడుతూ చివరిదాకా పోరాడిన ఫ్రెంచి నైట్లను మాత్రం ప్రాణాలతో బందీలుగా తీసుకున్నారు.

ఇదంతా చెప్తే మా తమ్ముడు అంగీ వైపు చూస్తూ, "ఆ ఊరివాళ్ళకి డాలు లేదుగా అన్నా, వాళ్ళని ఎవరు గుర్తుపడతారు?" అన్నాడు.

నేను ఏళ్ళ తరబడి చదివి అర్థం చేసుకున్నది అదే. డాలు ఉన్నవాడు పట్టుబడితే విడుదల సొమ్ము, లేనివాడు పట్టుబడితే చావు. షివల్రీ అబద్ధం కాదు, గొప్పదే, కానీ దాని హద్దు డాలు అంచు దగ్గర ఆగిపోయింది. రెండూ కలిపి చూడకపోతే ఈ సమాధి ముందు నిలబడటం దండగ.

వెళ్ళేముందు క్లాయిస్టర్‌లోకి, అంటే చర్చిని ఆనుకున్న కప్పున్న నడవలోకి, వెళ్ళి తలెత్తి చూడండి. కప్పు కమానులు కలిసే ప్రతిచోటా రంగుల డాలు, 800కు పైగా ఉన్నాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూశాం.

శనివారం, సాల్స్‌బరీ

వాటర్లూ నుంచి గంటన్నర రైలు. కెథడ్రల్ గోపురం 123 మీటర్లు, బ్రిటన్‌లో దీనికి మించింది లేదు, ఊళ్ళోకి రాకముందే కనిపిస్తుంది. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 మాగ్నా కార్టా ప్రతుల్లో బాగా మిగిలింది ఇక్కడి చాప్టర్ హౌస్‌లో ఉంది కాబట్టి క్యూ అక్కడే. మేం చూడాలనుకున్న మనిషి ఆ పత్రంలో కూడా ఉన్నాడు, రాజు సలహాదారుల పేర్లలో: విలియం లాంగెస్పే, రెండో హెన్రీ రాజుకు పెళ్ళికి బయట పుట్టిన కొడుకు, 1226లో పోయాడు, ఈ కొత్త కెథడ్రల్‌లో మొదటి సమాధి ఇతనిదే.

రాతి బొమ్మ, పొడవాటి డాలు ఎడమ భుజం నుంచి మోకాలి దాకా ఉంటుంది. దాని మీద ఆరు సింహాలు, మూడు, రెండు, ఒకటిగా, గోళ్ళు చాచి ఎగబాకుతున్నట్టు ఉబ్బుగా చెక్కారు. దగ్గరికి వంగితే అక్కడక్కడా నీలిరంగు జాడ ఇంకా ఉంది. ఈ సింహాల కోసమే ఇంతదూరం వచ్చాను. ఎందుకంటే ఇతని తాత జెఫ్రీ ఆఫ్ ఆంజూను 1128లో మొదటి హెన్రీ రాజు నైట్‌గా చేసినప్పుడు మెడలో బంగారు సింహాల డాలు వేశాడని ఒక ఫ్రెంచి సన్యాసి రాశాడు. ఫ్రాన్స్‌లో ల మాన్‌లో ఉన్న జెఫ్రీ ఎనామిల్ ఫలకం మీద కూడా నీలం మీద అవే బంగారు సింహాలు. తాత గుర్తు మనవడికి వచ్చినట్టు చూపించే సాక్ష్యాల్లో ఇంత పాతది దొరకడం కష్టం. డాలు మీద బొమ్మ అలంకారం కాస్తా వంశం ఆస్తి అయిన క్షణం ఏదైనా ఉంటే అది ఈ రాయి మీద ఉందని నా నమ్మకం. పైగా అక్రమ సంతానం, సింహాసనానికి దారి లేదు, అన్నలు రిచర్డ్, జాన్ రాజులయ్యారు. తాత సింహాలు పెట్టుకుని నేనూ ఆ ఇంటివాణ్ణే అని చెప్పుకున్నాడు.

1214లో బూవీన్ యుద్ధంలో ఇతన్ని గదతో మోది పడగొట్టింది బోవే బిషప్పు. తర్వాత విడిపించుకున్నారు. 1791లో సమాధి తెరిస్తే పుర్రెలో చచ్చిన ఎలుక దొరికింది, దాంట్లో ఆర్సెనిక్ జాడలున్నాయి, దాంతో విషప్రయోగం అనుమానాలు మళ్ళీ లేచాయి. ఆ ఎలుక కెథడ్రల్ ఎదురుగా సాల్స్‌బరీ మ్యూజియంలో ఉంది. మా తమ్ముడు మాగ్నా కార్టా కంటే దాని ముందే ఎక్కువసేపు ఉన్నాడు.

ఆదివారం, బార్నెట్

నార్తర్న్ లైన్ చివరి స్టేషన్ హై బార్నెట్. హైస్ట్రీట్‌లో దీపస్తంభాలకు పాత యుద్ధంలో పోరాడినవాళ్ళ గుర్తుల జెండాలు కట్టారు, షాపింగ్‌కు వచ్చినవాళ్ళు ఎవరూ తల ఎత్తడం లేదు గానీ నాకు పండగలా అనిపించింది. ఇంకాస్త ఉత్తరంగా నడిస్తే హ్యాడ్లీ హైస్టోన్ అనే రాతి స్తంభం, 1740లో పెట్టింది. చుట్టూ ఇళ్ళు, కార్లు. పచ్చిక మైదానం కనిపిస్తే ఒక చెట్టు కింద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని, జరిగింది మా వాడికి చెప్పాను.

1471 ఏప్రిల్ 14, ఈస్టర్ ఆదివారం, తెల్లవారుజామున కళ్ళు పొడుచుకున్నా కనిపించని మంచు. ఇంగ్లండ్ సింహాసనం కోసం పోరు. ఒకవైపు నాలుగో ఎడ్వర్డ్ రాజు, ఇంకోవైపు వారిక్ ఎర్ల్ అనే ప్రభువు. వారిక్ పక్షాన ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ తన ఎదురుగా ఉన్నవాళ్ళను తరిమి కొట్టాడు, అతని మనుషులు ఊళ్ళోకి పోయి దోచుకోవడంలో పడ్డారు. వాళ్ళను పోగుచేసుకుని తిరిగొచ్చేసరికి మంచులో బారులు తిరిగిపోయి ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్ మనుషుల బట్టల మీద గుర్తు కిరణాలున్న నక్షత్రం, ఎడ్వర్డ్‌ది కిరణాలున్న సూర్యుడు. మసకలో నక్షత్రం సూర్యుడిలా కనిపించింది, సొంత పక్షం విలుకాళ్ళే బాణాలు వేశారు. ద్రోహం, ద్రోహం అని కేకలు లేచాయి, ఆక్స్‌ఫర్డ్ మనుషులు పారిపోయారు, వారిక్, అతని తమ్ముడు ఇద్దరూ చచ్చిపోయారు. వారిక్ ఓడడానికి ఇంకా కారణాలున్నాయి, అయినా ఆ నక్షత్రాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

గుర్తు లేకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఇంకోటుంది. 1415లో అజింకూర్ యుద్ధానికి బ్రబాంట్ డ్యూక్ ఆంటోయిన్ ఆలస్యంగా, తన సామాను రాకముందే పరుగున వచ్చాడు. వేసుకోవడానికి తన గుర్తున్న అంగీ లేదు. బాకా ఊదేవాడి జెండా తీసుకుని మధ్యలో తల పట్టేంత కన్నం చేసి తొడుక్కున్నాడు. ఇంగ్లీషువాళ్ళకు దొరికాడు గానీ ఎంత పెద్దవాడో ఎవరికీ తెలియలేదు. బందీలను చంపమని ఐదో హెన్రీ ఆజ్ఞ వేసినప్పుడు అందరితోపాటు అతన్నీ చంపేశారు. గుర్తుపట్టి ఉంటే ఒక్కణ్ణి అమ్ముకున్నా ఊహించలేనంత సొమ్ము.

"అంటే ఒక చొక్కా కోసం పోయాడన్నమాట" అన్నాడు మా వాడు. ఒక చొక్కా కోసమే.

సోమవారం, విండ్సర్

క్రెసీలో కలిసి పోరాడినవాళ్ళతో మూడో ఎడ్వర్డ్ 1348లో పెట్టిన నైట్ల సంఘం ఆర్డర్ ఆఫ్ ది గార్టర్‌కు ఇల్లు విండ్సర్ కోటలోని సెయింట్ జార్జ్ చాపెల్. రాజు, వేల్స్ రాకుమారుడు కాక 24 మంది సభ్యులు, ఈ సంఖ్య ఇప్పటికీ మారలేదు. ఇప్పుడున్న చాపెల్‌ను 1475లో నాలుగో ఎడ్వర్డ్ మొదలుపెట్టించాడు, బార్నెట్‌లో గెలిచినవాడే, అతని సమాధీ ఇందులోనే.

లోపల ఫోటోలు తియ్యనివ్వరు, ఒకందుకు మంచిదే, అందరూ ఫోన్ దింపి తల ఎత్తుతారు. క్వయిర్‌లో, అంటే ప్రార్థనా గీతాలు పాడేవాళ్ళు కూర్చునే చోట, రెండువైపులా చెక్క ఆసనాలు, ఒక్కోదాని పైన బతికున్న సభ్యుడి జెండా, దాని కింద హెల్మెట్, శిఖ. సభ్యుడు పోతే జెండా, హెల్మెట్ దించేస్తారు. ఆసనం వెనక చెక్కకు కొట్టిన చిన్న లోహపు రేకు మాత్రం అలాగే ఉంటుంది. అలా 1390 ప్రాంతం నుంచి పోగుపడిన రేకులు వందల కొద్దీ ఉన్నాయి, అరచేయంత, ఒకదాని పక్కన ఒకటి, ఖాళీ లేకుండా. పాతవాటి ఎనామిల్ మీద గీత ఎంత ధీమాగా ఉంటుందంటే, సింహం నాలుక, గోళ్ళు, తోక మెలిక నాలుగు గీతల్లో వచ్చేస్తాయి. తర్వాతి శతాబ్దాల్లో డాళ్ళలో గడులు పెరిగి పెరిగి, పెళ్ళిళ్ళతో వచ్చిన ఆస్తులన్నీ ఎక్కించి, దూరం నుంచి ఏమీ తెలియకుండా అయిపోయాయి. యుద్ధానికి అక్కర్లేకుండా పోయిన గుర్తు అలాగే అవుతుంది. నాకైతే మొదటి వరసలే ఇష్టం. స్త్రీలను పూర్తి సభ్యులుగా తీసుకోవడం 1987 నుంచే.

ద్రోహం చేసినవాణ్ణి సంఘం నుంచి తీసేసే తంతు ఒకటి ఉండేది. హెరాల్డ్, అంటే గుర్తుల అధికారి, నిచ్చెనెక్కి వాడి జెండా, శిఖ, కత్తి కిందికి విసిరేస్తే, కాళ్ళతో తన్నుకుంటూ చాపెల్ బయటికి, అక్కణ్ణుంచి కోట కందకంలోకి తోసేవాళ్ళు. మనిషిని ఉరి తీసేది వేరే చోట, పేరును చంపేది ఇక్కడ. ఇటీవలి కాలంలో జపాన్ చక్రవర్తి హిరోహిటో జెండాను 1941లో దించేశారు, 1971లో ఆయన బ్రిటన్ వచ్చినప్పుడు మళ్ళీ ఎక్కించారు.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే మంగళ, బుధవారాల్లో కోట సాధారణంగా మూసి ఉంటుంది. ఆదివారం చాపెల్ ప్రార్థనలకే, చూడ్డానికి వచ్చినవాళ్ళను లోపలికి పంపరు. పొద్దున్నే టికెట్ తీసుకుని ముందు చాపెల్‌కే వెళ్ళండి, మధ్యాహ్నానికి టూరు గుంపులతో క్వయిర్ నిండిపోయి ఆ రేకుల దగ్గర నిలబడనివ్వరు. అక్కడుండే వార్డెన్లను ఒక్క రేకు గురించి అడిగి చూడండి, మాకు ఒకాయన ఇరవై నిమిషాలు చెప్పాడు, మా తమ్ముడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు.